తొట్టి మీద అయిదు మొక్కలు

ఐసిల్డా మాక్సమ్ డెబ్భై ఏళ్ళు బతికి ఒక్క అబద్ధం కూడా ఆడలేదని మా పెద్రో మైదానంలో పిల్లాపెద్దా అందరికీ తెలుసు. చర్చిలో పాస్టరు ఏడాదికి ఒకసారైనా ఆ సంగతి ఎత్తి మెచ్చుకుంటాడు. మెచ్చుకోవడం ఆయనకి సులువే, ఆమెతో ఒక ఇంట్లో ఉండలేదు కదా. కూర ఎలా ఉందని అడిగితే బాలేదని మొహం మీదే చెప్పే మనిషి ఆమె. ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకి వెళ్ళి, అందరూ మంచివాడు పోయాడని ఏడుస్తుంటే తను మాత్రం పెదవి కదపకుండా కూర్చుంటుంది. ఆమె మాట్లాడకపోతే పోయినవాడి అసలు సంగతి అందరికీ గుర్తొస్తుంది. పిల్లలు లేరు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. మూడు చెక్కల నేల, నాలుగు మేకలు, ఇంటి పక్కన మనిషి ఎత్తు సిమెంటు నీళ్ళతొట్టి, ఇవీ ఆమె ఆస్తి.

మాది వాన మొహం చాటేసే నేల. మేఘాలు ఉత్తరాన కొండల దగ్గరే ఖాళీ అయిపోతాయి, మా దాకా వచ్చేది వట్టి గాలి. అయినా ఈ ఎర్రమట్టిలోనే ఉల్లికాడలూ పుచ్చకాయలూ టమాటాలూ పండించి జమైకా అంతా పంపుతాం. ఎలాగంటే, గినీ గడ్డి కోసి ఎండబెట్టి మొక్కల మొదళ్ళ చుట్టూ మందంగా పరుస్తాం, ఉన్న తడి ఎగిరిపోకుండా. ఆ తర్వాత ఖాళీ పాలడబ్బా చేత పట్టుకుని, గడ్డి పక్కకి తోసి, ఒక్కో మొదట్లో ఒక్కో డబ్బా నీళ్ళు పోస్తాం. అంతకు మించి చుక్క పోయం. ఈ పనిలో ఐసిల్డాని మించినవాళ్ళు లేరు. రోడ్డు మీద నడిచిపోతూ పక్కవాళ్ళ చేలో ఏ సాలు దాహంగా ఉందో ఆకు వాలును బట్టి చెప్పేస్తుంది. ఆమె ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు టమాటాకి, స్నానం చేసిన నీళ్ళు మిరపకి. చుట్టం ఎవరైనా గ్లాసులో సగం నీళ్ళు వదిలేస్తే, "మిగతాది ఎవరొచ్చి తాగాలంట?" అని నిలబెట్టి తాగిస్తుంది.

పోయిన ఏడు జనవరి ఆఖర్న ఒక మధ్యాహ్నం ఆమె గేటు ముందు టాక్సీ ఆగింది. దిగిన మనిషిని చూసి ఎవరో ముసలాయన దారి తప్పి వచ్చాడనుకుంది. నడుం దాకా జడలు కట్టిన జుట్టు, చర్మం కింద ఎముకలన్నీ లెక్కకి వచ్చే మొహం, చేతుల్లో ఒక అట్టపెట్టె. గేటు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. అతను నవ్వాకే గుర్తుపట్టింది. తన ఒక్కగానొక్క తమ్ముడు, లిన్వాల్. తనకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. చంకనేసుకుని పెంచింది వాణ్ణి.

వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకుని ముప్పై అయిదేళ్ళయింది.

ఎందుకో ఇక్కడే చెప్పాలి. వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో లిన్వాల్ ఇంటి వెనక పల్లంలో, కర్రపెండలం తోట చాటున గంజాయి వేశాడు. అప్పట్లో ఒక్క మొక్క దొరికినా జైలే. ఒకరోజు హెలికాప్టర్ వచ్చి తోటల మీద చక్కర్లు కొట్టింది, వెనకాలే పోలీసు జీపు వచ్చింది. ఊళ్ళో ఎవర్నడిగినా తెలియదన్నారు. చేతిలో చీపురున్న ముసలమ్మ నుంచి చర్చి పాస్టరు దాకా ఎవరికీ ఏమీ తెలియదు. ఐసిల్డా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అధికారి వచ్చి, "ఈ తోట ఎవరిదమ్మా?" అన్నాడు. "మా తమ్ముడు లిన్వాల్‌ది," అంది. చేతిలో తడి దుప్పటి అలాగే ఉంది. తమ్ముడు రెండడుగుల దూరంలో వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నాడు, విన్నాడు. రెండున్నరేళ్ళు శిక్ష పడింది. వాళ్ళమ్మ కూతురితో ఒకే మాట అంది: "తెలీదనడానికి నీకు నోరు రాలేదంటే?" ఆ తర్వాత ఆమె చచ్చేదాకా కూతురి చేతి అన్నం తినలేదు. జైలు నుంచి వచ్చినవాడు ఇంటికి రాకుండా పడమటి కొండల్లోకి వెళ్ళిపోయి, అక్కడ జడలు కట్టి ఉప్పు ముట్టకుండా దేవుణ్ణి కొలిచే మతంవాళ్ళతో కలిసి, తనూ జడలు పెంచుకుని, ఉప్పు మానేసి, పెళ్ళీ పిల్లలూ లేకుండా బతికాడు. తల్లిని పూడ్చిన రోజు వచ్చి గేటు బయట నిలబడి వెళ్ళిపోయాడు.

నేను చేసింది తప్పు కాదు, అడిగారు, ఉన్నది చెప్పాను అని ఐసిల్డా ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉంది. తప్పు కాదని రోజూ అనుకోవాల్సి రావడమే ఆమెకి పెద్ద శిక్ష అని నా ఉద్దేశం.

ఇప్పుడు వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏందిరా ఇట్టా అయిపోయావు?" అంది.

"కడుపులో పుండక్కా. పుండంటే మామూలుది కాదులే. సగం కోసేశారు. మిగతా సగంలో ఏదీ నిలవడం లేదు."

పెట్టె దించి చూపించాడు. అందులో తడిగుడ్డ కప్పిన అయిదు గంజాయి నారుమొక్కలు, జానెడేసి ఎత్తు. పక్కన ఒక గుడ్డసంచీలో ఎండబెట్టిన పూగుత్తులు కాసిని. అవి కొబ్బరిపాలలో కాచుకుని పొద్దున్నే తాగితే వికారం తగ్గి ఒక పూట జావ కడుపులో నిలుస్తుందట. తాగకపోతే మంచినీళ్ళు కూడా తిరిగొచ్చేస్తాయట. ఆసుపత్రి డాక్టరు అవుననలేదు, కాదనలేదు, నిలుస్తుందంటే తాగమన్నాడు. సంచీలో ఉన్నవి జూన్ దాకా వస్తాయి. ఆ లోపు ఈ అయిదూ పూతకి రావాలి.

"రోడ్డు మీద అమ్మేది కొనుక్కోకూడదూ?"

"పుచ్చతోటలకి కొట్టే మందే వాటికీ కొడతన్నారు. రెండుసార్లు తాగి రక్తం కక్కా. నా చేత్తో వేసిందైతేనే నాకు పడుద్ది." మొక్కల మీద తడిగుడ్డ మళ్ళీ కప్పుతూ అన్నాడు: "కొండమీద నాకెవరూ లేరక్కా. ఇక్కడైతే దొంగతనం భయం కూడా లేదు. నీ దొడ్లో కాలుపెట్టే మగాడు ఈ మైదానంలో పుట్టలేదు."

ఆమెకి నవ్వొచ్చింది, నవ్వలేదు. "పోలీసులొచ్చి అడిగితే ఎవరియ్యని చెప్పమంటావు?"

"నావేనని చెప్పు. ఇప్పుడు ఇంటికి అయిదు దాకా తప్పు లేదంట. నువ్వు చెప్పినా నన్నేం చెయ్యరు."

ఆ మాట ఎగతాళో, క్షమించడమో, దెప్పిపొడుపో ఆమెకి అంతుపట్టలేదు. పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచింది.

నేలలో వేస్తే మేకలు ఉంచవు. అందుకని అయిదు పెయింటు బక్కెట్లు తెచ్చింది. లిన్వాల్ వసారాలో కుర్చీ వేసుకుని, మేకూ సుత్తీ పుచ్చుకుని, ఒక్కో బక్కెట్టు అడుగున ఆరేసి రంధ్రాలు కొట్టాడు. ఆ మాత్రం పనికే చెమటలు పట్టాయి.

"నీళ్ళు పోసినప్పుడు కింద నుంచి కారాలి. మళ్ళీ వెంటనే పొయ్యకు. రోజూ బక్కెట్టు ఎత్తి చూడు. తేలిగ్గా లేస్తేనే పొయ్యి, బరువుంటే వద్దు. దీనికి కాళ్ళు తడిసి ఉంటే గిట్టదు."

"నాకా నువ్వు నీళ్ళు పొయ్యడం నేర్పేది?" అంది ఐసిల్డా. "నీ ముడ్డి కడిగిన చేతులురా ఇవి."

"సరేలే తల్లీ," అని సుత్తి కింద పెట్టాడు.

బక్కెట్లు తొట్టి మీద పలకపైన వరసగా పెట్టి, మేకలు ఎక్కకుండా తొట్టి పక్కనున్న అయిదు మెట్లకీ అడ్డంగా తడిక కట్టింది. మా వాళ్ళందరి అలవాటు ప్రకారం మట్టి మీద గినీ గడ్డి మందంగా పరిచింది. పాలడబ్బాతో మొదటి నీళ్ళు పోసింది. బక్కెట్ల కింద నుంచి నీళ్ళు కారి, పలక మీద పారి, తొట్టి గోడ వెంట దిగి, నేల మీద పడ్డాయి. మేక ఒకటి వచ్చి ఆ గోడ నాకింది. నీళ్ళు అలా ఊరికే పోవడం ఐసిల్డా తన జన్మలో చూడలేదు. తొట్టిలో నీళ్ళు మూడొంతులు కూడా లేవు, ముందు ఎండాకాలం ఉంది. ఈ తమ్ముడికి కొండల్లో ఊటలు, వానలు, వాడికేం తెలుసు మన నీళ్ళ కష్టం అనుకుంది.

మర్నాడు పొద్దున ఎర్రబంకమట్టి పిసికి, గుడ్డపేలికలు కలిపి, ముప్పై రంధ్రాలూ పూడ్చేసింది. చాటుగా చేసిన పని కాదు, పట్టపగలే చేసింది. కానీ లిన్వాల్ గది కిటికీ రోడ్డు వైపుకి ఉంది, అతను మెట్లెక్కి రాలేడు. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధం కాదు కదా అని ఆమె మనసు సర్దుకుంది. ఇన్నేళ్ళలో ఐసిల్డా ఒక మాట కడుపులో దాచుకోవడం అదే మొదలు, అది సరిగ్గా దాచకూడని చోట దాచింది.

ఫిబ్రవరి, మార్చి బాగానే గడిచాయి. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. పొద్దున్నే లిన్వాల్‌కి పూత వేసి కాచిన కొబ్బరిపాలు ఇచ్చి, గంట ఆగి మొక్కజొన్న జావ పెట్టేది. ఉప్పు లేకుండా.

"ఉప్పు లేని జావ ఎట్టా దిగుద్దిరా నీకు? మేకలు కూడా ముట్టవు."

"మేకలకి నీలాంటి అక్క లేదుగా," అని నాలుగు చెంచాలు తిని గిన్నె తోసేసేవాడు. ఆ నాలుగు చెంచాలు నిలిచిన రోజు ఆమెకి పండగ. గిన్నెలో మిగిలింది తను తినేది. పోయినవాటి గురించి ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆమె బైబిలు చదివి వినిపిస్తే అతను కళ్ళు మూసుకుని వినేవాడు, అతను సన్నగా ఏదో పాడుకుంటే ఆమె వంటింట్లో ఆగి వినేది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. నీళ్ళ లారీ వారం వారం రావలసింది, మూడు వారాలకి ఒకసారి వచ్చింది. తొట్టిలోకి బాల్చీ వదిలితే అడుగున తగిలి చప్పుడు చెయ్యడం మొదలైంది. ఐసిల్డా పుచ్చతీగల్ని ఎండిపొమ్మని వదిలేసింది. మిరపని వదిలేసింది. తమ్ముడి మొక్కలకి మాత్రం రోజూ పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా తప్పకుండా పోసింది.

అప్పుడే మొక్కలు వాలిపోవడం మొదలుపెట్టాయి. ఆకులు వేళ్ళు విడదీసిన చెయ్యిలాగా నిగనిగలాడేవి, ఇప్పుడు కిందికి వేలాడుతున్నాయి. కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. మా మైదానంలో పుట్టిపెరిగిన ఎవరికైనా దానికి ఒకటే అర్థం తెలుసు. ఇక్కడ మొక్క వాలిందంటే దాహం. నీళ్ళు ఎక్కువై చచ్చిన మొక్కని ఇక్కడ ఎవరూ చూడలేదు, చూసే అవకాశం ఆ దేవుడు మాకు ఇవ్వలేదు.

ఐసిల్డా పూటకి రెండు డబ్బాలు చేసింది. తర్వాత మూడు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. తర్వాత అదీ మానేసింది. పొద్దుటి టీ మానేసింది. మధ్యాహ్నం దాహం వేస్తే గ్లాసు ముంచి, పెదాల దాకా తెచ్చి, తీసుకెళ్ళి మొక్క మొదట్లో పోసేది. పెదాలు పగిలాయి. నాలిక అంగిటికి అంటుకుపోయి, చర్చిలో కీర్తన పాడబోతే గొంతు రాలేదు.

పక్కింటి వష్టి అదే చర్చిలో పాడేది. సంగతి కనిపెట్టి దొడ్లోకి వచ్చి, తొట్టి మీదికి చూసి నోరు నొక్కుకుంది.

"ఇదేందక్కా, గొంతెండిపోతన్నయ్ పాపం! చూడు ఎట్టా తలలు వేలాడేసుకున్నయ్యో."

"పోస్తన్నాగా. నా తాగే నీళ్ళు కూడా వాటికే పోస్తన్నా."

"ఇంకా కావాలేమో. మా ఇంట్లో ఒక క్యాను ఉంది, తెస్తానుండు."

"గంజాయికి నీళ్ళు తెస్తావంటే? పాస్టరు వింటే?"

"నేను తెచ్చేది గంజాయికి కాదు, మీ తమ్ముడి నోట్లో ముద్ద దిగడానికి. ఆ పాస్టరుకి పుండు పుడితే తెలుసుద్ది." వష్టి క్యాను తెచ్చింది. మర్నాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెరో సీసా తెచ్చి గేటు దగ్గర పెట్టి పోయారు. గంజాయి పేరెత్తితే చెంపలేసుకునే మనుషులు, తమ పిల్లల నోటి దగ్గర నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఐసిల్డా ఆ సీసాలు చూసి ఏడ్చింది, వాటిల్లో ఒక్క గుక్క కూడా తను తాగకుండా అన్నీ ఆ మూసిన బక్కెట్లలోనే పోసింది.

లిన్వాల్ పడుకున్నచోటు నుంచే రోజూ అడిగేవాడు: "ఎట్టా ఉన్నయ్?"

"దాహంగా ఉన్నయ్."

"దాహమా? ఎత్తి చూశావా?"

"ఎత్తేదేముంది, నాకు కళ్ళున్నయ్."

తను నిజమే చెబుతున్నాననుకుంది. అతను ఇంకేదో అడగబోయేలోపు కడుపులోంచి తన్నుకొచ్చేది, గిన్నె అందుకునేవాడు. ఆమె వీపు నిమురుతూ కూర్చునేది.

మే నెల మొదటి వారంలో ఒక మొక్క పక్కకి ఒరిగిపోయింది. ఐసిల్డా నిలబెట్టబోతే కాండం చేతిలోకి ఊడి వచ్చింది. మొదలు గోధుమరంగుకి తిరిగి మెత్తగా ఉంది. మర్నాడు రెండోది ఒరిగింది. ఇక దాచలేక ఆ కుళ్ళిన మొక్కని తెచ్చి తమ్ముడి మంచం మీద పెట్టింది. లిన్వాల్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"నన్ను పైకి తీసుకెళ్ళు," అన్నాడు.

"మెట్లెక్కలేవురా."

"తీసుకెళ్ళు."

అయిదు మెట్లు ఎక్కడానికి అయిదుసార్లు కూర్చున్నాడు. ఆమె నడుం పట్టుకుని ఎక్కించింది. పలక మీద చతికిలబడి, మొదటి బక్కెట్టులో గడ్డి పక్కకి తోసి వేలు దించాడు. మట్టి కాదు, బురద. మురుగు వాసన గుప్పుమంది. బక్కెట్టు ఎత్తబోయాడు, కదల్లేదు. "ఒంచు," అన్నాడు. ఆమె ఒంచింది. అతను అడుక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. ఒక రంధ్రం, రెండో రంధ్రం, మూడోది. వేళ్ళకి ఎర్రమట్టి అంటింది. ఆ వేళ్ళు ఆమెకి చూపించాడు.

"ఎవరు పూడ్చారు?"

"నేనే."

లిన్వాల్ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ముప్పై అయిదేళ్ళ క్రితం వంటింట్లోంచి చూసిన చూపు అది.

"మళ్ళీనా అక్కా?" అన్నాడు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ఎదురుగా చతికిలబడింది. తన తమ్ముడు, తను చంకనేసుకుని మోసిన పిల్లాడు, వాణ్ణి చంపడానికే అక్క ఈ పని చేసిందనుకుంటున్నాడు. గంజాయి మీద అసహ్యంతోనో, దేవుడి మీద భక్తితోనో, ఇంకోసారి పట్టిచ్చిందనుకుంటున్నాడు. కాదని ఒట్టు పెట్టాలని ఆమె నోరు తెరిచింది. చివరికి ఉన్నది ఉన్నట్టే వచ్చింది.

"నీళ్ళు కారిపోతన్నయ్‌రా. మేక నాకుతా ఉంది. చూళ్ళేక పూడ్చా. అంతే. ఇంకేం లేదు."

అతను ఆమె పెదాల మీద నెత్తురు ఎండిన పగుళ్ళు చూశాడు. మెడ మీద పేరుకున్న మట్టి చూశాడు. గుడ్లు లోపలికి పోయిన కళ్ళు చూశాడు. మంచంలో పడి తన వాంతి గిన్నె తప్ప ఇంకేమీ చూడని మనిషి, నెల రోజుల తర్వాత అక్కని వెలుతుర్లో చూడటం అదే మొదలు.

"స్నానం చేసి ఎన్నాళ్ళయింది నువ్వు?"

"మూడు వారాలు."

"టీ తాగావా పొద్దున?"

"మానేశా."

"మంచినీళ్ళు?"

"నీకు పెట్టేటప్పుడు గిన్నెలో మిగిలితే తాగుతన్నా."

"మిగతావన్నీ?"

ఆమె బక్కెట్ల కేసి చూపించింది. లిన్వాల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ మాటలే ఇంకెవరు చెప్పినా నమ్మి ఉండేవాడు కాదు. ఈమె చెప్పింది కాబట్టి నమ్మక తప్పలేదు. జడలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకి తెలియలేదు.

"లిన్వాల్," అంది. "ఆ రోజు తెలీదని చెప్పాల్సిందిరా. అందరూ చెప్పారు. నాకూ నోరుంది. చెప్పాల్సింది. అమ్మ అన్నది నిజం. నాది తప్పు."

చేతులు తీసి చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇంతకాలానికి నీకు అబద్ధం ఆడాలనిపించిందంటే?"

"అనిపించింది."

"ఇప్పుడు నాకు పనికిరాదుగదే," అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ ఎండలో, ఆ మురుగు వాసనలో, సిమెంటు పలక మీద పక్కపక్కనే కూర్చుని ఏడ్చారు. గేటు దాకా వచ్చిన వష్టి నీళ్ళ క్యాను పట్టుకుని, లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఐసిల్డా మిగిలిన మూడు బక్కెట్ల అడుగున మేకు పెట్టి మట్టి అంతా పొడిచేసింది. నల్లటి నీళ్ళు కారాయి. తన స్నానం, తన టీ, వష్టి క్యాను, ఆ ఇద్దరు ఆడవాళ్ళ సీసాలు, అన్నీ తొట్టి గోడ వెంట దిగిపోయాయి. మేకలు వచ్చి మూతి పెట్టి, తుమ్మి వెళ్ళిపోయాయి. చుక్క ఆగేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఇక గడ్డి తీసెయ్యి. నేను చెప్పేదాకా పొయ్యకు," అన్నాడు లిన్వాల్.

పోయడం కన్నా పోయకుండా ఉండటం ఆమెకి ఎక్కువ కష్టమైంది. వాలిపోయిన మొక్క ఎదురుగా నిలబడి, చేతిలో డబ్బా పెట్టుకుని, పోయకుండా తిరిగి రావడం. రోజూ పొద్దున ఒక్కో బక్కెట్టు రెండు చేతులతో ఎత్తి చూసి కిందికి వచ్చేది. "ఇంకా బరువే," అనేది. "ఆగు," అనేవాడు. ఆరో రోజున మూడో మొక్క చచ్చిపోయింది. ఆమె డబ్బా విసిరికొట్టి వంటింట్లో కూర్చుంది. తొమ్మిదో రోజున ఒక బక్కెట్టు తేలిగ్గా లేచింది. పదకొండో రోజున రెండోది. ఒక్కో డబ్బా పోసింది, కింద నుంచి కాసిని నీళ్ళు కారాయి, చూసి ఊరుకుంది. వారం తిరక్కుండా ఆ రెంటికీ చిగురు నిలబడింది. ఆ బక్కెట్ల కింద ఖాళీ గిన్నె పెట్టి, కారిన నీళ్ళు పట్టి, ఎండిపోగా మిగిలిన మిరపకి పోయడం మాత్రం ఆమె మానలేదు, అది మా నెత్తురులో ఉన్న పని.

కానీ ఆలస్యమైపోయింది. సంచీలో ఉన్న పూత జూన్ పదో తేదీకి అయిపోయింది. తొట్టి మీద రెండు మొక్కలకీ పూత ముదరాలంటే ఇంకా మూడు వారాలు పడుతుంది, ఆరడానికి ఇంకొన్ని రోజులు. ఆ రోజుల గురించి చెప్పడానికి ఐసిల్డా ఇష్టపడదు. రెండు చెంచాల జావ, అదీ తిరిగొచ్చేది. చెంచా ఒకటికి తగ్గింది. జావ వండటానికి గుప్పెడు పిండి తీసేది కాస్తా మూడు వేళ్ళకి వచ్చేంత తీసేది, ఎక్కువ వండి పారెయ్యడం ఎందుకని. "పూత ముదిరిందా?" అని అడిగేవాడు. "ముదరలేదు," అనేది. ముదిరిందని చెబితే వాడి ప్రాణం కాస్త నిమ్మళిస్తుందని తెలిసి కూడా ఆమెకి నోరు తిరగలేదు. అతనికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఆమె చెప్పిన రోజునే నమ్ముదామని ఎదురు చూశాడు. జులై మొదట్లో ఒక పొద్దున మెట్లు దిగి వచ్చి, "ముదిరింది," అంది.

కోసి, వంటింటి దండెం మీద తలకిందులుగా వేలాడదీశారు. వారం ఆగారు.

లిన్వాల్ అక్టోబరు వానల్లో పోయాడు. ఆ రెండు మొక్కలూ ఇచ్చింది అంతవరకే. మా ఊరి శ్మశానంలో తల్లి పక్కనే పూడ్చారు, వష్టి పాడింది, పాస్టరు కూడా వచ్చాడు. ఇదంతా ఎవరైనా అడిగితే ఐసిల్డా చెబుతుంది. కానీ తనంతట తను చెప్పేది మాత్రం ఆ జులై పొద్దున గురించే.

కొత్త పూత కొబ్బరిపాలలో సన్నని సెగ మీద కాచింది. కప్పులో పోసి ఇచ్చింది. గుక్క గుక్కగా తాగాడు. గంట గడిచింది. అలవాటుగా మూడు వేళ్ళ పిండితో వండిన జావ గిన్నెలో తెచ్చి, వాంతి గిన్నె కూడా పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది. మొదటి చెంచా తిన్నాడు. ఇద్దరూ ఆగారు. రెండోది తిన్నాడు. మూడోది. ఆమె ఊపిరి బిగబట్టి అతని గొంతు కేసే చూస్తోంది. నాలుగు, అయిదు. గిన్నె అడుగు కనిపించింది. చెంచాతో గీకి ఆ చివరిది కూడా తిని, గిన్నె ఆమె చేతికిచ్చాడు.

"ఇంకాస్త ఉందా అక్కా?"

వంటింట్లోకి పరుగెత్తింది. కుండ మూత తీసింది. కుండలో ఏమీ లేదు. వాడు ఇంకా అడుగుతాడని తను అనుకోనే లేదు. ఇన్నాళ్ళూ వాడు తినడనే వండింది, ఇవాళ కూడా తినడనే వండింది. ఆ ఖాళీ కుండ పట్టుకుని ఐసిల్డా మాక్సమ్ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏందక్కా, లేదా?" అని గదిలోంచి కేకేశాడు.

"ఉంది నాయనా, ఉంది. తెస్తన్నా," అని చెప్పి, పిండి డబ్బా తీసి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.